మా వదిన తీసేసిన నాలుగు పాయింట్లు

ఆ ఫైనల్ గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒకటే మాట అంటారు: "గెలిచే ఆటని కొలబద్ద ఓడగొట్టింది." కొలబద్ద అంటే మా వదిన. ఆ మాట అనేవాళ్ళలో సగం మంది ఆ రోజు గ్రౌండుకే రాలేదు. వచ్చినవాళ్ళలో సగం మందికి వాలీబాల్ అంటే బంతి కింద పడకుండా కొట్టడం తప్ప ఇంకేం తెలియదు. నేను ఆడాను. ఆ సర్వీసులు కొట్టింది నా చెయ్యి, పోయింది నాకు రావాల్సిన పర్మినెంట్ ఉద్యోగం. ఈ సంగతి చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ముందు నాకుంది. వినేవాళ్ళు వినండి, నచ్చనివాళ్ళు లేచి వెళ్ళండి.

మా అన్నయ్య భార్య ఆమె. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను కాలర్లు కుట్టే లైన్లో, ఆమె లైను చివర చెకింగ్ బల్ల దగ్గర. కుట్టిన చొక్కా ఆమె ముందుకు వస్తే తిరగేసి, బోర్లేసి, అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో గోటితో లెక్కపెడుతుంది. ఒక్క కుట్టు తక్కువైనా ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపిస్తుంది. నా కాలర్లనూ పంపిస్తుంది. చేరిన కొత్తలో ఇంటికొచ్చి అన్నయ్య దగ్గర మొర పెట్టుకునేదాన్ని. ఆయన రోజంతా వ్యాను నడిపి నడుం పట్టేసి గోడకానుకుని కూర్చునేవాడు. "నాలుగేళ్ళుగా నేను మడతపెట్టిన దుప్పటికే వంక పెడుతోంది, నీ కాలరెంతమ్మా" అనేవాడు.

ఆమె ఆటలోకి వచ్చింది ఇష్టంతో కాదు, శిక్షగా. ఒకసారి సరుకు లారీకి ఎక్కించే రోజు పొద్దున ఆరొందల చొక్కాలకు ఎర్ర స్టిక్కర్లు అంటించింది. అందరూ వద్దన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లారీ ఖాళీగా నిలబడిపోయింది. పర్సనల్ ఆఫీసరుకి ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీల మధ్య ఏటా ఆటల పోటీలు జరుగుతాయి, ఆడవాళ్ళకి వాలీబాల్ ఉంటుంది. ప్రతి ఫ్యాక్టరీ ఒక జట్టునీ, స్కోరు రాయడానికి ఒక మనిషినీ ఇవ్వాలి. సెలవు రోజు ఎండలో కూర్చుని రెండు జట్లతోనూ తిట్లు తినే పని అది, ఎవరూ ముందుకు రారు. "లెక్కపెట్టడం అంత సరదాగా ఉంటే అక్కడికెళ్ళి లెక్కపెట్టుకో" అని ఆయన మా వదిన పేరు రాసిచ్చాడు.

అప్పటికి ఆమె జన్మలో బంతి ముట్టుకోలేదు. రూల్సు పుస్తకం తెచ్చుకుని, కటింగ్ సెక్షన్లో మిగిలిన మందపాటి కాగితంతో దానికి అట్ట వేసి, పోతూ వస్తూ బస్సులో చదివింది. స్కోరరు పరీక్ష మొదటిసారి తప్పింది. రెండోసారికి వంటింట్లో నేల మీద ఆరు దారం రీళ్ళు మూడూ మూడుగా నిలబెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చదివింది. సర్వీసు మన జట్టుకి కొత్తగా వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరగాలి. ముందు వరస కుడి మూలనున్న మనిషి వెనక్కొచ్చి సర్వీసు కొట్టాలి. పాయింట్లు వస్తున్నంతసేపూ ఆమే కొడుతుంది. నీలం రీలు, తెల్ల రీలు, నల్ల రీలు... ఒక్కోటీ జరిపి "ఇప్పుడు ఎవరి సర్వీసు?" అని నన్ను అడిగేది. నేను తప్పు చెప్తే అన్నం ఆలస్యమయ్యేది. ఆమె పరీక్ష పాసైంది. నాకేమో ఆ ఆరు రీళ్ళూ బుర్రలో నాటుకుపోయి, మరుసటేడు జట్టులో చేరాను.

జట్టులో మా నీతి వేరు. పట్టుబడితే తప్పు, లేకపోతే ఆట. దూకినప్పుడు మోచెయ్యి నెట్‌కి తగులుతుంది, రిఫరీ చూడకపోతే తగల్లేదు. అవతలి వాళ్ళ స్మాష్ మన వేలిని రాసుకుని బయట పడుతుంది, మనం ఆకాశం వైపు చూస్తాం. సర్వీసు కొట్టేటప్పుడు బొటనవేలు గీత మీద ఉంటుంది, లైన్‌మన్‌కి ఎండ కళ్ళల్లో పడుతుంటే అది మన అదృష్టం. ఇవన్నీ చేశాను. అందరూ చేస్తారు. వదిన మాత్రం ఆట అయ్యాక ఇంటికి నడుస్తూ, "రెండో సెట్‌లో బంతి నీ వేలికి తగిలింది కదూ" అనేది. "రిఫరీ చూళ్ళేదు" అనేదాన్ని. "నేను నిన్ను అడుగుతున్నా" అనేది.

ఇక ఫైనల్ సంగతి. ఆరేళ్ళుగా నేను టెంపరరీ. మూడు నెలలకోసారి గేటు పక్కన బోర్డు మీద జాబితా అంటిస్తారు. పేరుంటే లోపలికి, లేకపోతే ఇంటికి. ఆ బోర్డు ముందు నిలబడి కింది నుంచి పైకి చదివేదాన్ని, పై నుంచి చదివితే భయం ఎక్కువసేపు ఉంటుందని. ఆ ఏడు కంపెనీ మాటిచ్చింది: కప్పు తెస్తే జట్టులో ఉన్న ఇద్దరు టెంపరరీలనూ పర్మినెంట్ చేస్తారు. ఒకటి నేను. రెండోది ఇస్త్రీ సెక్షన్లో పనిచేసే అక్క. ఆమెకి ఆవిరితో రెండు ముంజేతులూ మచ్చలు పడి ఉంటాయి. ఆమె నాకంటే రెండేళ్ళ ముందు నుంచి టెంపరరీ.

అవతలి జట్టు బ్యాటరీల ఫ్యాక్టరీది. స్కోరు రాయాల్సిన మనిషికి ఆ పొద్దున జ్వరం వచ్చింది. ఇంకెవరూ లేరు, మా వదిన తప్ప. సొంత ఫ్యాక్టరీ మనిషి కదా, అభ్యంతరమా అని బ్యాటరీ జట్టుని అడిగారు. వాళ్ళ కెప్టెను, "కొలబద్ద అయితే మాకేం భయం లేదు" అంది. మా పర్సనల్ ఆఫీసరు ఆ మాట విని మీసం చాటున నవ్వుకున్నాడు. బల్ల దగ్గర మన మనిషి ఉందని ఆయన ధైర్యం.

చెరి రెండు సెట్లు అయ్యాయి. ఐదో సెట్టు పదిహేను పాయింట్లకి. ఎనిమిది పదకొండు దగ్గర మేం వెనకబడి ఉన్నాం. మా కోచ్ కటింగ్ మాస్టరు టైమవుట్ అడిగాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా గుడ్డ వెనక వైపు తిప్పి సుద్దతో గీతలు గీసే మనిషి. వెనక కుడి గీస్తే ముందుకి అది ఎడమ అవుతుంది, ఆయన చేతికి అదే అలవాటు. అట్టముక్క మీద సుద్దతో ఆరు గుండ్రాలు గీసి, ఎవరెటు జరగాలో బాణాలు పెట్టాడు. బాణాలన్నీ తిరగబడ్డాయి. మేమూ ఆయన గీతల మీద కుట్టి కుట్టి, గీత ఎటుంటే అటు పోయే రకం. ఆరుగురం బుద్ధిగా తలూపాం. ఆయన ఆవేశంలో వెనక్కి తిరుగుతూ స్కోరు బల్లకి మోచెయ్యి కొట్టాడు. నీళ్ళ సీసా స్కోర్ షీటు మీద పడింది.

తర్వాతి పాయింటు మేం గెలిచాం. తొమ్మిది పదకొండు. సర్వీసు మాకొచ్చింది. ముందు వరస కుడి మూలనున్నది ఇస్త్రీ అక్క, ఆమె వెనక్కి రావాలి. కానీ మాస్టరు బాణాల ప్రకారం ఆమె ఎడమకి జరిగింది, వెనక వరస మధ్యలో ఉన్న నేను కుడికి జరిగి బంతి అందుకున్నాను. కొట్టాను. పాయింటు. బంతి తీసుకుని మళ్ళీ వెనక్కి నడుస్తుంటే ఇస్త్రీ అక్క వెడల్పాటి వీపు నెట్ దగ్గర మధ్యలో కనిపించింది. ఒక్కసారిగా వంటింట్లో రీళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. రెండు సర్వీసుల కిందటే నా వంతు అయిపోయింది. ఇది నాది కాదు.

ఇక్కడ ఎవరైనా ఆగి, "అప్పుడేం చేశావు?" అని అడగాలి. ఎవరూ అడగరు, కొలబద్దని తిట్టే హడావిడిలో ఉంటారు కాబట్టి. నేనే చెప్తున్నా. బల్ల వైపు చూశాను. వదిన తల వంచుకుని గుడ్డ ముక్కలతో షీటు మీది నీళ్ళు అద్దుతోంది, చెదిరిన అంకెల మీద పెన్నుతో మళ్ళీ దిద్దుతోంది. ఈల వినపడగానే ఓరకంట రిఫరీ చెయ్యి ఎటు చూపిస్తోందో చూసి, ఆ వైపు ఒక అంకె కొట్టేసి, మళ్ళీ తల దించేస్తోంది. చూడట్లేదు. కొట్టాను. పదకొండు. మళ్ళీ చూశాను, చూడట్లేదు. పన్నెండు. పదమూడు. గ్రౌండంతా మా వాళ్ళ కేకలు. ఇంకా రెండు పాయింట్లు చాలు.

ఐదోసారి గీత దగ్గర నిలబడేసరికి ఆమె తల ఎత్తి ఉంది. నన్ను చూసింది. షీటు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆమె చెయ్యి మెల్లగా బజర్ మీదికి వెళ్ళింది. స్కోరరు ముందుగా హెచ్చరించకూడదు, అది రూలు. తప్పు సర్వీసు కొట్టాకే చెప్పాలి. ఈల పడ్డాక సర్వీసుకి ఉండే ఎనిమిది సెకన్లూ ఆమె నోరు కట్టేసుకుని కూర్చుంది. నేను బంతి కింద పెట్టేసి "అక్కా, నీ వంతు" అని ఉండొచ్చు. కొట్టాను. బంతి ఇంకా గాల్లో ఉండగానే బజర్ మోగింది.

వరస తప్పి కొడితే పాయింటూ సర్వీసూ అవతలి వాళ్ళకి పోతాయి. వరస తప్పినప్పటి నుంచి వచ్చిన పాయింట్లన్నీ కూడా తీసేస్తారు. ఎప్పుడు తప్పిందో తేలకపోతే మాత్రం పాతవి ఉంటాయి. రిఫరీ బల్ల దగ్గరికొచ్చి, "ఎప్పటి నుంచి?" అని అడిగాడు. "తొమ్మిది దగ్గర నుంచి" అంది వదిన. నాలుగు పాయింట్లు పోయాయి. పదమూడు పదకొండు కాస్తా తొమ్మిది పన్నెండు అయింది. పదీ పదిహేనుతో ఓడిపోయాం.

అంతటితో ఆగిందా? షీటు అడుగున వ్యాఖ్యల గడిలో ఆమె సొంత చేత్తో రాసింది: షీటు తడిసినప్పుడు ఆట ఆపమని అడగాల్సింది, అడగలేదు, నాలుగు సర్వీసులు తలెత్తి చూడలేదు, తప్పు నాది. ఎవరూ రాయమనలేదు. కొలబద్ద కొలతలు తనకీ ఒకటే.

నేను ఇంట్లో అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. "ముందు నాలుగుసార్లు లేని కళ్ళు ఐదోసారి ఎక్కడి నుంచి వచ్చాయి నీకు?" అని అరిచాను. ఆమె బియ్యం కడుగుతోంది. "అదే నేనూ అనుకుంటున్నా" అంది. తిరిగి అరిచి ఉంటే బాగుండేది. వారం రోజులు ఒకే వంటింట్లో వీపులు తగులుతూ తిరిగాం, మాట లేదు. ఫ్యాక్టరీలో ఆమె బల్ల మీదికి చొక్కాలు విసిరేవాళ్ళు. భోజనాల గదిలో ఆమె కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవాళ్ళు. నేనూ లేచిపోయాను. అది కూడా రాసుకోండి.

ఎనిమిదో రోజు పర్సనల్ ఆఫీసరు నన్నూ, ఇస్త్రీ అక్కనీ, కటింగ్ మాస్టరునీ గదిలోకి పిలిచాడు. స్కోర్ షీటు నకలు ఆయన చేతిలో ఉంది. దానితో పండగ చేసుకుంటున్నాడు.

"మీ వదినే మనకి దారి చూపించింది. నాలుగు సర్వీసులు చూళ్ళేదని తనే రాసుకుంది. చూడనప్పుడు వరస ఎప్పుడు తప్పిందో ఆమెకెలా తెలుస్తుంది? తేలకపోతే మన పదమూడు మనకే. పదమూడు పన్నెండు దగ్గర నుంచి మళ్ళీ ఆడించాలి. కమిటీకి ఫిర్యాదు పెట్టేశా" అన్నాడు.

"బ్యాటరీ వాళ్ళు నేనే కొట్టానని చెప్తారు కదా సార్" అన్నాను.

"ప్రత్యర్థి మాట సాక్ష్యమా? రిఫరీకి నంబర్లు గుర్తులేవట. ఫోన్లలో తీసినవాళ్ళంతా బంతి వెంట పడ్డారు, సర్వీసు ఎవరు కొట్టారో ఒక్కదాంట్లోనూ లేదు. మొదటి నాలుగూ ఈ అమ్మాయి కొట్టింది, ఐదోది కంగారులో నువ్వు అందుకున్నావు. అంతే." ఆయన ఇస్త్రీ అక్క వైపు వేలు చూపించాడు. ఆమె తల దించుకుని మచ్చల చేతులు పైట కింద దాచుకుంది. కటింగ్ మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మరి వదిన?"

"చూళ్ళేదని చెప్తే చాలు. నిజమే కదా. దాని ఇంట్లోనే ఉంటున్నావు, ఆ ఒక్క మాట గట్టిగా చెప్పించు."

ఆ సాయంత్రం ఆమె ఇస్త్రీ చేస్తుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. కమిటీ సంగతి చెప్పాను. ఆమె అన్నయ్య చొక్కా చేతులు సరిచేస్తూ వింది.

"చూశావా అని అడిగితే చూళ్ళేదనే చెప్తాను. నువ్వు చెప్పించక్కర్లేదు" అంది.

"మరి తొమ్మిది నుంచి అని ఎలా చెప్పావు?"

"పాయింట్లు పోకుండా వస్తుంటే మనిషి మారరు. ఐదోది కొట్టిన మనిషే మొదటిదీ కొట్టి ఉండాలని చెప్పాను. కానీ కళ్ళతో చూశావా అంటే చూళ్ళేదు." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నాలుగూ నువ్వే కొట్టావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జడ మీదికి పోయింది. "ఆ గోలలో ఏం గుర్తుంటుంది వదినా" అన్నాను.

ఆమె ఇంకేం అడగలేదు. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది. ఆ వేళ అన్నం సయించలేదు నాకు. అబద్ధం చెప్పానని కాదు, ఆమె నమ్మిందేమోనని.

కమిటీ సమావేశం ఆటల సంఘం గదిలో. గోడకి అద్దాల బీరువా, దాంట్లో దుమ్ముపట్టిన కప్పులు. ముగ్గురు సభ్యులు. పెద్దాయన రిటైరైన పళ్ళ డాక్టరు, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళ వైపు కాకుండా నోటి వైపు చూస్తాడు. ముందు ఇస్త్రీ అక్కని అడిగారు. "మొదటి నాలుగూ నేనే కొట్టాను" అంది, ఆ నాలుగు మాటలూ నేలకే చెప్పింది. నా వంతు రాకముందే వదినని పిలిచారు.

"ఆ నాలుగు సర్వీసులు ఎవరు కొట్టారో మీ కళ్ళతో చూశారా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ."

"అయినా నాలుగు పాయింట్లు తీసేశారు."

"తీసేశాను. మనిషి మారి ఉండరని నమ్మి చెప్పాను. చూశానని మాత్రం చెప్పలేను. షీటు తడిసినప్పుడు ఆట ఆపమని అడగాల్సింది, అడగలేదు. దానికి ఏ శిక్ష వేసినా సరే."

డాక్టరు పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. మొగ్గు మా వైపే ఉందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఇంకో నిమిషం నేను కుర్చీకి అతుక్కుని ఉంటే పదమూడు పన్నెండు, తర్వాత రెండు పాయింట్లు, తర్వాత బోర్డు ముందు నిలబడే పని జన్మలో ఉండదు.

పర్సనల్ ఆఫీసరు నోరు ఊరుకోలేదు. గెలుస్తున్నవాడికి నోటి దురద ఎక్కువ. కాళ్ళు చాపుకుని నవ్వుతూ అన్నాడు: "డాక్టరుగారూ, దీంట్లో రూల్సు ఏమీ లేవండీ. ఆ అమ్మాయి ఈవిడకి ఆడపడుచు. వదినా ఆడపడుచుల పోరు మనకి తెలీనిదా? వంటింట్లో కోపం గ్రౌండులో తీర్చుకుంది. చీకట్లో రాయేసి నాలుగు పాయింట్లు లాగేసింది."

ముగ్గురు సభ్యులూ నవ్వారు. కటింగ్ మాస్టరు కూడా నవ్వాడు. వదిన నవ్వలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆరొందల చొక్కాల రోజున ఎన్ని తిట్లు తిట్టినా ఆమె చెవులు ఎర్రబడలేదని విన్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా బీరువాలో కప్పుల వైపు చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. ఏమంటుంది? చూడలేదు కదా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాలుగూ నేనే కొట్టాను" అన్నాను. లేచి నిలబడ్డానని తర్వాత తెలిసింది.

పర్సనల్ ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. "కూర్చో అమ్మాయ్, నిన్నెవరు అడిగారు" అన్నాడు.

"ఎవరూ అడగరనే ఇన్నాళ్ళూ కొట్టుకొచ్చాను సార్. డాక్టరుగారూ, రాసుకోండి. తొమ్మిది దగ్గర మొదటిది కొట్టాను, తెలియక. రెండోది, మూడోది, నాలుగోది తెలిసి కొట్టాను. నా వంతు కాదని రెండోదానికే తెలుసు. ప్రతిసారీ బల్ల వైపు చూసి, మా వదిన తలెత్తలేదని చూసుకుని మరీ కొట్టాను. ఐదోది ఆమె చూస్తుండగా కొట్టాను. ఆమె వేసింది రాయి కాదు, చూడకుండా చెప్పినా నూటికి నూరు పాళ్ళు సరిగ్గా చెప్పింది. పోరు ఉంటే మా ఇంట్లో ఉంది, వీళ్ళ కంపెనీకి దాంతో పనిలేదు."

డాక్టరు మొదటిసారి నా నోటి వైపు కాక కళ్ళ వైపు చూశాడు.

"ఈ మాట వల్ల మీకు నష్టమని తెలుసా?" అన్నాడు.

"మీకంటే బాగా తెలుసండీ."

ఇస్త్రీ అక్క కుర్చీలోంచి లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. ఆమెకి రావాల్సిన పర్మినెంట్ ఉద్యోగం కూడా నా నోటితోనే పోయింది. మూడు నెలల తర్వాత జాబితాలో ఆమె పేరు ఉందా లేదా అని నా పేరు కంటే ముందు చూశాను. ఉంది. పలకరిస్తే మాత్రం పలకలేదు.

ఫిర్యాదు కొట్టేశారు. కప్పు బ్యాటరీ వాళ్ళదే. ఆట ఆపమని అడగనందుకు వదినకి మూడు నెలలు స్కోరు రాయకూడదని శిక్ష వేశారు. ఆమె సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో తేదీ తప్పుందని దిద్దించింది.

బయట మెట్ల మీద ఆమె నా ముందు దిగుతోంది. నేను వెనక. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను, అబద్ధమెందుకు. కనీసం ఒక మాట. నాలుగు మెట్లు దిగి ఆమె ఆగింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమె మొహం చూసి నాకు భయమేసింది. పదేళ్ళ కాపురంలో నేను చూడగా ఆమె ఏడవడం అదే మొదలు.

"ఎందుకు లేచావే" అంది. "ఎవరు లేవమన్నారు నిన్ను? ఆ మనిషి ఏదో కూస్తే కూశాడు. పడేదాన్ని. ఎన్ని పడలేదు?"

"వదినా, వాళ్ళు నిన్ను అబద్ధాలకోరు అంటుంటే..."

"అననీ. నేను నిజమే చెప్పాను కదా, చూళ్ళేదని. నీకు అర్థం కాలేదా?" చెంగుతో ముక్కు తుడుచుకుంది. "పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ నా నిజం వల్ల అందరికీ నష్టమే. మీ అన్నయ్యకి నష్టం, నీ కాలర్లకి నష్టం, నీ ఆటకి నష్టం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను నిజం చెప్తే నీకు ఉద్యోగం వచ్చేది. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదే నాకు."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. నేను గుర్తులేదంటే ఆమె నమ్మలేదు. నమ్మకుండానే ఇంకో చొక్కా తీసుకుంది. తన స్కోరరు పని పోయినా, నలుగురిలో మాట పడినా, ఒక్క అబద్ధం ఆడకుండా నాకు దారి వదిలి పెట్టుకుని కూర్చుంది. ఆ దారికి నేను అడ్డం పడ్డాను.

అయినా నాకు పశ్చాత్తాపం రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆమె కంటే కింది మెట్టు మీదికి దిగి, ఆమె మొహానికి నా మొహం ఎదురుగా పెట్టాను.

"నాకొద్దు వదినా. నువ్వు తిట్లు తింటే వచ్చే ఉద్యోగం నాకొద్దు. బోర్డు ముందు ఇంకో ఆరేళ్ళు నిలబడతాను" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది, చొక్కా తిరగేసి బోర్లేసి చూసినట్టు. తర్వాత నా జబ్బ మీద గట్టిగా ఒకటి వేసింది. నొప్పి పుట్టింది.

"రెండోదానికే తెలిసిందా?"

"ఆ."

"మరి మూడోది ఎందుకు కొట్టావే దొంగముండా" అంది. అని ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుని బస్సు దాకా వదల్లేదు.